రాజు ఊళ్లో లేనప్పుడు: హ్యూబర్ట్ వాల్టర్ కథ

సభకు నమస్కారం.

కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, అంటే ఇంగ్లండు చర్చికి పెద్ద, అనగానే ఇంగ్లండ్ చరిత్ర కాస్త చదువుకున్నవాళ్లకి థామస్ బెకెట్ గుర్తొస్తాడు. 1170 డిసెంబర్ 29న రాజుగారి యోధులు నలుగురు అతన్ని చర్చిలోనే నరికి చంపారు. పోప్ అతన్ని సెయింటుని చేశాడు. తర్వాత అతని మీద నాటకాలొచ్చాయి, సినిమాలొచ్చాయి. అదే పీఠం మీద ఇరవై మూడేళ్ల తర్వాత కూర్చున్న హ్యూబర్ట్ వాల్టర్ పేరు మాత్రం ఎవరికీ పట్టదు. అతన్ని ఎవరూ చంపలేదు, ఎవరూ సెయింటుని చెయ్యలేదు. అయినా రాజు దేశంలో ఉన్నా లేకపోయినా ఇంగ్లండ్ ప్రభుత్వం నడవడం నేర్చుకుందంటే దానికి బెకెట్ కంటే ఇతనే ఎక్కువ కారణమని నేను అనుకుంటాను. అతను మంచివాడని చెప్పడానికి రాలేదు. ఆ విషయం దగ్గరికి వచ్చినప్పుడు మీరే తేల్చుకుందురుగాని.

ముందు అతని రాజు సంగతి చెప్పాలి. సింహహృదయుడు రిచర్డ్. 1189 నుంచి 1199 దాకా పదేళ్లు ఇంగ్లండుకి రాజు. ఆ పదేళ్లలో ఇంగ్లండు గడ్డ మీద గడిపింది మొత్తం కలిపి సుమారు ఆరు నెలలే. మొదట క్రూసేడ్‌కి, అంటే జెరూసలేం కోసం ముస్లింల మీద క్రైస్తవులు చేసిన మతయుద్ధానికి, వెళ్లాడు, తిరిగొస్తూ జర్మనీలో ఖైదీ అయ్యాడు, మిగతా కాలమంతా ఫ్రాన్సులో యుద్ధాలు చేశాడు. రాబిన్ హుడ్ సినిమాల్లో చివర్లో ఠీవిగా గుర్రమెక్కి వచ్చి అన్నీ చక్కబెట్టే రాజు ఇతనే. నిజానికి చక్కబెట్టిన మనిషి వేరే ఉన్నాడు.

హ్యూబర్ట్ 1160 ప్రాంతంలో నార్ఫోక్‌లోని వెస్ట్ డెరెహామ్‌లో పుట్టాడు. తండ్రి హార్వీ వాల్టర్ ఒక మోస్తరు భూస్వామి. హ్యూబర్ట్ అదృష్టమంతా తల్లి వైపు నుంచి వచ్చింది. తల్లి తోబుట్టువుని పెళ్లి చేసుకున్నవాడు రానుల్ఫ్ గ్లాన్‌విల్. ఈ గ్లాన్‌విల్ రిచర్డ్ తండ్రి రెండో హెన్రీ దగ్గర జస్టీషియర్, అంటే రాజు లేనప్పుడు రాజు బదులు రాజ్యం నడిపే పెద్ద అధికారి. హ్యూబర్ట్ అతని ఇంట్లోనే పెరిగాడు. ప్యారిస్‌లోనో బొలోన్యాలోనో పెద్ద చదువులు చదివి పైకొచ్చిన బిషప్పులు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. ఇతను అలా రాలేదు. కోర్టులో కూర్చుని, దావాలు విని, లెక్కలు చూసి, ఏ ఉత్తర్వు ఎలా రాస్తే ఎవరు కదులుతారో ఆఫీసులోనే నేర్చుకున్నాడు.

అందుకే చదువుకున్నవాళ్లు అతన్ని వెక్కిరించేవాళ్లు. వేల్స్ రచయిత జెరాల్డ్ ఒక ముచ్చట రాశాడు. ఒకసారి రిచర్డ్ లాటిన్‌లో ఏదో చెప్తుంటే హ్యూబర్ట్ మధ్యలో అందుకుని వ్యాకరణం దిద్దాడట. రాజు చెప్పిందే ఒప్పు, ఇతని దిద్దుబాటే తప్పు. పక్కనున్న కావెంట్రీ బిషప్ హ్యూ, 'ప్రభూ, మీ వ్యాకరణం మీరు వదలకండి' అన్నాడట. సభంతా నవ్వులు. జెరాల్డ్ మాట ఎంత నమ్మాలో అంతే నమ్మండి. సెయింట్ డేవిడ్స్ బిషప్ పదవి తనకు రాకుండా హ్యూబర్ట్ అడ్డుపడ్డాడని అతనికి చచ్చేంత కోపం.

1186లో యార్క్ పెద్ద చర్చి వ్యవహారాలు చూసే డీన్, 1189లో సాల్స్‌బరీ బిషప్. ఆ మరుసటి ఏడే మూడో క్రూసేడ్. రాజు కంటే ముందు బయల్దేరిన బృందంలో ముగ్గురు పెద్దలున్నారు: అప్పటి ఆర్చ్‌బిషప్ బాల్డ్‌విన్, ముసలి గ్లాన్‌విల్, మన హ్యూబర్ట్. పాలస్తీనా తీరంలో ఏకర్ పట్నాన్ని క్రైస్తవ సేన ముట్టడిస్తోంది, ఆ సేనని బయటినుంచి ముస్లిం సుల్తాన్ సలాదిన్ సేన చుట్టుముట్టి ఉంది. అక్కడికి చేరిన కొన్ని వారాలకే గ్లాన్‌విల్ పోయాడు. నవంబర్‌లో బాల్డ్‌విన్ పోయాడు. చలికాలం వచ్చింది, సముద్రం మీద ఓడలు ఆగిపోయాయి, తిండి లేదు. గుర్రాలు కోసుకు తిన్నారు, గడ్డి తిన్నారు. రోగాలు సరేసరి.

ఆ చలికాలమే హ్యూబర్ట్‌ని తయారుచేసిందని నాకనిపిస్తుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన సైనికులకి పెద్దదిక్కు అతనే అయ్యాడు. డబ్బున్నవాళ్ల దగ్గర చందా వసూలు చేసి, దాన్ని ఒక నిధిగా పెట్టి, ఆకలితో చస్తున్న మామూలు సిపాయిలకి పంచే ఏర్పాటు చేశాడు. ప్రార్థన చేయించే బిషప్పులు శిబిరంలో చాలామందే ఉన్నారు. ఎవరి దగ్గర ఎంత ఉంది, ఎవరికి ఎంత కావాలి అని లెక్క తేల్చే బిషప్పులు తక్కువ. 1191 జూన్‌లో రిచర్డ్ వచ్చేసరికి, ఇక్కడ నమ్మకంగా పని అప్పగించదగ్గ మనిషి ఎవరో వేరే చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

1192లో సంధి కుదిరాక యాత్రికుల బృందాల్లో ఒకదాన్ని జెరూసలేంకి తీసుకెళ్లింది ఇతనే. సలాదిన్ అతన్ని పిలిపించి మర్యాద చేశాడు. మాటల్లో రిచర్డ్ ప్రస్తావన వచ్చింది. మీ రాజు గొప్ప ధైర్యవంతుడేగానీ అనవసరంగా ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు అన్నాడట సలాదిన్. తర్వాత, ఏదైనా కోరుకో, ఇస్తానన్నాడు. హ్యూబర్ట్ అప్పటికప్పుడు నోరు తెరవలేదు. ఒక రాత్రి గడువు అడిగాడు. మర్నాడు వచ్చి, క్రీస్తు సమాధి ఉన్న చర్చిలో లాటిన్ పద్ధతిలో ఆరాధన చేసేందుకు ఇద్దరు పూజారులు, ఇద్దరు డీకన్లు ఉండనివ్వండి, బెత్లెహేంలోనూ నజరేతులోనూ కూడా అంతే అన్నాడు. సలాదిన్ సరేనన్నాడు. మూడేళ్ల యుద్ధంలో దొరకనిది కొంత అలా దొరికింది. తిరస్కరించడానికి వీల్లేనంత చిన్న కోరిక కోరడం కూడా రాజనీతే.

ఇంటికి తిరిగొస్తూ సిసిలీలో ఉండగా కబురు తెలిసింది. 1192 డిసెంబర్‌లో వియన్నా దగ్గర రిచర్డ్‌ని ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్ పట్టుకుని, జర్మన్ చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పగించాడు. హ్యూబర్ట్ దారి మార్చి నేరుగా జర్మనీ వెళ్లాడు. ఖైదులో ఉన్న రాజుని కలిశాడు. 1193 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ చేరాడు. మే నెలాఖరుకి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్పుగా ఎన్నికయ్యాడు. ఎన్నిక అంటే ఎన్నికే, కాకపోతే ఎవరిని ఎన్నుకోవాలో రాజు చెరలోంచే ఉత్తరాలు రాశాడు.

రాజుని విడిపించడానికి చక్రవర్తి అడిగిన సొమ్ము లక్షన్నర మార్కులు. మార్కు అనే నాణెం లేదు, అది లెక్కల్లోనే ఉండేది. ఒక మార్కుకి 160 వెండి పెన్నీలు. అంటే 2 కోట్ల 40 లక్షల వెండి పెన్నీలు. అందులో లక్ష మార్కులు ముందు చెల్లిస్తేనే విడుదల. చిల్లరగా ఒక్కో పెన్నీ ఊరూరా వసూలు చెయ్యాలి. ప్రతి ఒక్కరి ఆదాయంలోనూ చరాస్తిలోనూ నాలుగో వంతు పన్ను వేశారు. చర్చిల్లో బంగారు, వెండి పాత్రలు తీసుకున్నారు. సిస్టర్షియన్ సన్యాసులు బీద జీవితం గడుపుతామని ప్రమాణం చేసినవాళ్లు, వాళ్ల దగ్గర బంగారం ఉండదు. అయినా గొర్రెల మందలున్నాయి కదా, ఆ ఏడాది ఉన్ని అంతా ఇమ్మన్నారు. వచ్చిన సొమ్ముని లండన్ సెయింట్ పాల్స్ చర్చిలో పెట్టెల్లో పోసి, హ్యూబర్ట్‌తో పాటు లండన్ బిషప్, ఎర్ల్‌లు అనే పెద్ద ప్రభువులు ఇద్దరు, లండన్ మేయర్ ముద్రలు వేశారు. ఒక్కడి ముద్రతో పెట్టె తెరుచుకోకూడదన్న జాగ్రత్త ఇక్కడే మొదలైంది, దీన్ని గుర్తుపెట్టుకోండి.

రాజు చెరలో ఉంటే తమ్ముడు జాన్ ఊరుకుంటాడా? ఫ్రాన్స్ రాజు ఫిలిప్‌తో చేతులు కలిపాడు. 1193 డిసెంబర్‌లో రిచర్డ్ హ్యూబర్ట్‌ని జస్టీషియర్‌ని కూడా చేశాడు. అంటే ఇంగ్లండులో మతానికీ రాజ్యానికీ పెద్ద ఒక్కడే. 1194 ఫిబ్రవరిలో జాన్ మనిషి ఒకడు, పేరు ఆడమ్, లండన్ వచ్చి నేరుగా ఆర్చ్‌బిషప్ బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నాడు. తింటూ, తాగుతూ, మా ప్రభువుకి ఫ్రాన్స్ రాజు ఎంత దగ్గరో, ఏయే కోటలు ఇస్తున్నాడో గొప్పలు చెప్పుకుపోయాడు. హ్యూబర్ట్ అంతా విన్నాడు. తన బల్ల దగ్గర అన్నం తింటున్నవాణ్ణి పట్టుకోలేదు, అది మర్యాద కాదు. అతను లేచి బసకి వెళ్లాక లండన్ మేయర్ వెళ్లి పట్టుకున్నాడు. అతని దగ్గర జాన్ రాసిన ఉత్తరాలు దొరికాయి: కోటల్లో తిండిగింజలు నింపండి, రాజుని ఎదిరించండి అని. మర్నాడే సభ పెట్టి ఆ ఉత్తరాలు చదివించారు. జాన్ భూములన్నీ జప్తు చేశారు. బిషప్పులు అతన్ని మతం నుంచి వెలివేశారు. హ్యూబర్ట్ స్వయంగా సేనతో వెళ్లి మార్ల్‌బరో కోట ముట్టడించి పట్టుకున్నాడు. ఆర్చ్‌బిషప్ ముట్టడి యంత్రాలు పెట్టించి కోట పట్టడమేమిటని ఆశ్చర్యపోకండి, ఏకర్ దగ్గర నేర్చిన విద్యే అది.

మార్చిలో రిచర్డ్ తిరిగొచ్చాడు. ఏప్రిల్ 17న విన్‌చెస్టర్‌లో కిరీటం పెట్టుకుని అందరికీ కనిపించాడు. మే నెలలో ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ ఇంగ్లండ్ మొహం చూడలేదు. రాజ్యం హ్యూబర్ట్ చేతికి వచ్చింది.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి దస్తావేజుల మధ్యనే ముసలివాణ్ణయిన మనిషిని. కాబట్టి యుద్ధాల కంటే ఇక్కడినుంచి చెప్పబోయేదే నాకు అసలు కథ. కాసేపు ఓపిక పట్టండి.

1190 మార్చిలో యార్క్ పట్నంలో ఒక ఘోరం జరిగింది. అక్కడి యూదులు అల్లరి మూకల నుంచి తప్పించుకోడానికి రాజుగారి కోట బురుజులో తలదాచుకున్నారు. మూక చుట్టుముట్టింది. చాలామంది లోపలే ఒకరినొకరు చంపుకున్నారు, ప్రాణాలకి అభయమిచ్చి బయటికి రప్పించినవాళ్లని మూక నరికింది. సుమారు 150 మంది పోయారు. అది అయ్యాక ఆ మూక చేసిన పనేమిటో చూడండి. యార్క్ పెద్ద చర్చికి వెళ్లి, అక్కడ భద్రం చేసి ఉన్న యూదుల అప్పు పత్రాలన్నీ తీయించి చర్చి మధ్యలోనే తగలబెట్టింది. మూకని ఎగదోసినవాళ్లలో ఆ అప్పులు తీసుకున్న పెద్దమనుషులే ఉన్నారు. పత్రం కాలిపోతే అప్పు లేదు. అప్పు లేకపోతే, యూదులు పోయాక వాళ్ల బాకీలు వసూలు చేసుకునే హక్కున్న రాజుకీ ఏమీ రాదు.

1194లో హ్యూబర్ట్ ప్రభుత్వం దీనికి ఏర్పాటు చేసింది. కొన్ని ఎంచుకున్న పట్నాల్లోనే అప్పు పత్రాలు రాయాలి. ఇద్దరు యూదులు, ఇద్దరు క్రైస్తవులు, గుమస్తాలు ఉన్నచోటే రాయాలి. ఒకే తోలుపత్రం మీద రెండుసార్లు రాసి మధ్యకి కోయాలి. ఒక ముక్క అప్పిచ్చినవాడి దగ్గర, రెండో ముక్క ఊరి పెట్టెలో. ఆ పెట్టెకి మూడు తాళాలు. ఒక తాళంచెవి యూదుల దగ్గర, ఒకటి క్రైస్తవుల దగ్గర, ఒకటి ప్రభుత్వ గుమస్తా దగ్గర. ముగ్గురూ కలిస్తేనే పెట్టె తెరుచుకుంటుంది. యూదుల ప్రాణాల మీద జాలితో చేశాడంటే నేను ఒప్పుకోను. రాజుగారి రాబడి మళ్లీ బూడిద కాకూడదన్నదే అసలు ఉద్దేశం. ఏ యూదుడు ఎవరికి ఎంత ఇచ్చాడో రాజుకి వేలి చివర తెలిసిపోయింది, తర్వాతి రాజులు ఆ పెట్టెల ఆధారంతోనే యూదుల్ని పిండారు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో జిల్లాలకి వెళ్లే న్యాయాధికారులకి ఇచ్చిన ఉత్తర్వుల్లో ఒక కొత్త నియమం ఉంది. ప్రతి జిల్లాలో ముగ్గురు యోధుల్నీ ఒక గుమస్తానీ ఎన్నుకోవాలి, రాజు విచారించాల్సిన నేరాల చిట్టా వాళ్లు ఉంచాలి. అంతకుముందు ఆ పని జిల్లాలో రాజు తరఫు అధికారి అయిన షెరిఫ్‌ది. షెరిఫ్ తానే పట్టుకుని, తానే రాసుకుని, తానే జరిమానా వసూలు చేసేవాడు. రాసింది ఎంతో, జేబులో వేసుకుంది ఎంతో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు పక్కనే ఇంకొకళ్లు రాస్తుంటారు. ఈ కొత్తవాళ్లే కరోనర్లు. అనుమానాస్పద మరణం మీద విచారణ చేసే కరోనర్ పదవి ఇంగ్లండులో ఇవాళ్టికీ ఉంది. బొంబాయిలోనూ 1990ల దాకా ఉండేది.

మూడోదే నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆ రోజుల్లో భూమి తగాదా రాజుగారి కోర్టులో రాజీ అయితే ఒప్పందాన్ని ఒకే తోలు మీద రెండుసార్లు రాసి కోసి ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చేవారు. వాడి ముక్క పోయిందనుకోండి, లేదా పోయిందని వాడన్నాడనుకోండి, తగాదా మళ్లీ మొదటికి. 1195 జూలై 15న వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక రాజీ పత్రాన్ని మూడుసార్లు రాశారు. పైన పక్కపక్కనే రెండు, కింద అడ్డంగా మూడోది. మధ్య ఖాళీల్లో పెద్ద అక్షరాలు రాసి, ఆ అక్షరాల మీదుగా వంకరటింకరగా కోశారు. తర్వాత ఎవరైనా దొంగపత్రం తెస్తే ముక్కల అంచులు కలిపి చూస్తే తేలిపోతుంది. పై ముక్కలు రెండూ కక్షిదారులకి, కింది ముక్క రాజుగారి ఖజానాకి. మన రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు నకలు పుస్తకంలో ఉండిపోతుందే, అదే పని.

ఆ మొదటి కింది ముక్క ఇప్పటికీ ఉంది. దాని వెనక గుమస్తా ఒక గమనిక రాశాడు: మూడు ప్రతులుగా రాసిన వాటిలో ఇదే మొదటిది, ఆర్చ్‌బిషప్ ఆజ్ఞతో, ఖజానాలో రికార్డుగా ఉండేందుకు చేసింది అని. ఆ రాజీలో ఒక కక్షిదారు ఎవరనుకున్నారు? థియొబాల్డ్ వాల్టర్. హ్యూబర్ట్ సొంత అన్నదమ్ముడు! కొత్త పద్ధతి ముందు ఇంటివాళ్ల దస్తావేజుతోనే మొదలుపెట్టాడన్నమాట. ఇంటివాళ్ల ఆస్తి పదిలం చేసుకోడానికే కనిపెట్టాడని కూడా మీరు అనొచ్చు, నేను కాదనను. ఈ పద్ధతి 1830ల దాకా, ఆరు వందల ఏళ్లకు పైగా నడిచింది. వేలకొద్దీ ముక్కలు లండన్ శివారులో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎక్కడో పల్లెటూళ్లో నాలుగెకరాలు అమ్ముకున్న మామూలు మనుషుల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు వాటిలో చదువుకోవచ్చు.

కొలతల చట్టం గురించి కూడా చెప్పేస్తాను. 1196 నవంబర్‌లో వచ్చింది. దేశమంతా ధాన్యానికి ఒకే కొలత, బీరుకి ఒకే కొలత, తూకాలు ఒకటే. ఉన్నిబట్ట వెడల్పు అంచుకీ అంచుకీ మధ్య రెండు మూరకోలలు ఉండాలి, ఆ మూరకోల ఇనుముతో చేసి ఊళ్లో పెద్దల దగ్గర ఉంచాలి. అందులోనే ఇంకో నియమం ఉంది: బట్టల వర్తకులు కొట్టు ముందు ఎర్రగుడ్డలూ నల్లగుడ్డలూ వేలాడదీసి, వెలుతురు తగ్గించి, కొనేవాళ్ల కళ్లని మోసం చెయ్యకూడదు. ఇది రాసినవాడెవడో బజారుకెళ్లి మోసపోయి వచ్చినవాడే అయ్యుండాలి. చట్టమైతే వచ్చిందిగానీ, తర్వాత వర్తకులు డబ్బు కట్టి తప్పించుకున్న సందర్భాలూ ఉన్నాయి.

ఇంత రాతా దేనికి? ఫ్రాన్సులో రిచర్డ్ యుద్ధాలకి డబ్బు కావాలి. ఆ డబ్బు ఎవరి దగ్గర ఎంతుందో తెలియాలంటే రాత కావాలి. ఆ భారం ఎవరి మీద పడిందో లండన్‌లో తెలిసొచ్చింది. విలియం ఫిట్జ్‌ఒస్బర్ట్ అని ఒకడుండేవాడు. పొడుగ్గడ్డం విలియం అని పిలిచేవారు. క్రూసేడ్‌కి వెళ్లొచ్చినవాడు, చట్టం తెలిసినవాడు, గొప్ప వాగ్ధాటి ఉన్నవాడు. పట్నం మీద పడ్డ పన్నుల్ని డబ్బున్నవాళ్లు తెలివిగా బీదవాళ్ల మీదికి నెట్టేస్తున్నారని సెయింట్ పాల్స్ దగ్గర జనాన్ని పోగేసి చెప్పేవాడు. సముద్రం దాటి వెళ్లి రాజుతోనే మొరపెట్టుకున్నాడు. వేలల్లో జనం అతని వెంట చేరారు.

హ్యూబర్ట్‌కి టెన్షన్ పట్టుకుంది. లండన్‌లో మంట లేస్తే రాజు యుద్ధానికి డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? 1196 ఏప్రిల్‌లో పట్టుకురమ్మని మనుషుల్ని పంపాడు. విలియం వాళ్లలో ఒకణ్ణి చంపి, కొద్దిమందితో సెయింట్ మేరీ లె బో చర్చిలోకి దూరి తలుపులు వేసుకున్నాడు. చర్చిలో తలదాచుకున్నవాణ్ణి బలవంతంగా ఈడ్చుకురాకూడదన్నది ఆనాటి కట్టుబాటు. ఆ కట్టుబాటుకి కాపలాదారు ఎవరు? ఆర్చ్‌బిషప్పే. పైగా ఆ చర్చి కాంటర్‌బరీ సన్యాసులదే. హ్యూబర్ట్ దానికి నిప్పు పెట్టించాడు. పొగకి తట్టుకోలేక విలియం బయటికి రాగానే, అతను చంపిన మనిషి కొడుకు కత్తితో పొడిచాడు. గాయంతోనే అతన్ని గుర్రం తోకకి కట్టి వీధుల వెంట ఈడ్చుకెళ్లి, తొమ్మిదిమంది అనుచరులతో కలిపి ఉరి తీశారు. ఉరికంబం కింద మట్టి మహిమ గలదని జనం గుప్పెళ్లతో తవ్వుకుపోతే అక్కడ గొయ్యి పడింది. చివరికి హ్యూబర్ట్ కాపలా పెట్టాల్సొచ్చింది.

చర్చిలో రక్తం చిందించిన రాజుని లోకమంతా అసహ్యించుకున్న ఇరవై ఆరేళ్లకి, ఆ చనిపోయినవాడి పీఠం మీద కూర్చున్న మనిషే చర్చి తగలబెట్టించాడు. దీనికి సమర్థన లేదు. శాంతిభద్రతలు అనేవాళ్లుంటారు. పన్ను పంపకం న్యాయంగా ఉందో లేదో విచారించడానికి కరోనర్లూ, రికార్డులూ, గుమస్తాలూ అన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. ఆ ఒక్క విచారణ మాత్రం చెయ్యలేదు.

కాంటర్‌బరీ సన్యాసులతో అతని గొడవ ఇంకో పెద్ద రామాయణం. లండన్‌కి ఎదురుగా నది అవతల లాంబెత్‌లో అతను ఒక కొత్త చర్చి కట్టబోతే, తమ హక్కులు పోతాయని సన్యాసులు రోమ్‌కి ఫిర్యాదు చేశారు. మూడో ఇన్నోసెంట్ పోప్ కాగానే దాన్ని కూలగొట్టమన్నాడు, కూలగొట్టాల్సొచ్చింది. లాంబెత్ స్థలం మాత్రం ఆర్చ్‌బిషప్పులకే మిగిలింది, ఇప్పటికీ వాళ్ల లండన్ నివాసం అక్కడే. 1197 చివర్లో ఆక్స్‌ఫర్డ్ సభలో, ఏడాదిపాటు ఫ్రాన్సులో యుద్ధానికి 300 మంది యోధుల్ని ఇవ్వండని రాజు తరఫున అడిగితే లింకన్ బిషప్ హ్యూ మొహం మీదే కుదరదన్నాడు. 1198 జూలైలో హ్యూబర్ట్ జస్టీషియర్ పదవి వదిలాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 6న రిచర్డ్ బాణం దెబ్బతో పోయాడు. ఆ కబురు చేరిన రాత్రి ఫ్రాన్సులోని రూయెన్‌లో రిచర్డ్ కొలువులోని పేరున్న యోధుడు విలియం మార్షల్ నిద్ర లేచి హ్యూబర్ట్ దగ్గరికి వెళ్లాడు. వారసుడెవరు? రిచర్డ్ పెద్ద తమ్ముడు జెఫ్రీ కొడుకు ఆర్థర్ అన్నాడు హ్యూబర్ట్. కాదు, జాన్ అన్నాడు మార్షల్. కాసేపు వాదించుకున్నాక హ్యూబర్ట్, సరే, నీ ఇష్టప్రకారమే కానివ్వు, కానీ నువ్వు చేసిన ఏ పనికీ దీనికి పశ్చాత్తాపపడ్డంతగా పడవు అన్నాడని మార్షల్ జీవితచరిత్రలో ఉంది. ఐదేళ్ల కింద వెలివేసి, కోటలు లాక్కున్న ఆ జాన్ తలమీదే మే 27న వెస్ట్‌మిన్‌స్టర్‌లో కిరీటం పెట్టాడు. వెంటనే చాన్సలర్ అయ్యాడు. హ్యూ బార్డాల్ఫ్ అనే అధికారి ఎత్తిపొడిచాడు: చాన్సలర్ ఆర్చ్‌బిషప్ అవ్వడం చూశాంగానీ, ఆర్చ్‌బిషప్ చాన్సలర్‌గా దిగడం ఇదే చూడ్డం అని. చిన్న పదవికి కక్కుర్తిపడ్డాడని దాని అర్థం.

నా దృష్టిలో అది కక్కుర్తి కాదు. చాన్సలర్ అంటే రాజముద్ర, గుమస్తాలు, రాత. అతనికి కావల్సిన చోటే అది. అంతదాకా రాజు పంపిన ఉత్తరాల నకళ్లు వరసగా ఉంచే అలవాటు లేదు. 1199 నుంచి రాజు ఇచ్చిన సనదులన్నీ తోలుపత్రాలు వరస కుట్టి చుట్టలుగా చుట్టి భద్రపరచడం మొదలైంది. కొన్నేళ్లలోనే బహిరంగ ఉత్తర్వులకి ఒక చుట్ట, సీలువేసి పంపే ఉత్తర్వులకి ఇంకో చుట్ట. సనదు కావాలంటే కట్టాల్సిన ఫీజు రిచర్డ్ కాలంలో ఇష్టం వచ్చినట్టు పెరిగిపోతే, దాన్ని రెండో హెన్రీనాటి రేట్లకి దించుతూ 1199 జూన్ 7న ఉత్తర్వు వేయించాడు. ఆ అలవాటు పుణ్యమా అని జాన్ రాజు ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నాడో మనకి దాదాపుగా తెలుసు, అతని స్నానాలకైన ఖర్చుతో సహా.

1205 జూలై 13న కెంట్‌లోని టైనమ్‌లో హ్యూబర్ట్ పోయాడు. ఒంటిమీద రాచపుండు లేచి, జ్వరంతో కొద్దిరోజుల్లోనే. కబురు విని జాన్, 'ఇప్పటికి నేను ఇంగ్లండుకి రాజునయ్యాను' అన్నాడట. ఇది చాలా ఏళ్ల తర్వాత మాథ్యూ ప్యారిస్ అనే సన్యాసి రాసిన మాట, కథలు అల్లడంలో అతను దిట్ట. కానీ జాన్ తర్వాత చేసినవన్నీ ఆ మాటకి సరిపోయేవే. ఖాళీ అయిన పీఠానికి సన్యాసులు గుట్టుగా ఒకణ్ణి ఎన్నుకున్నారు, జాన్ తన మనిషిని ఎన్నించాడు, పోప్ ఇద్దర్నీ కాదని 1207లో స్టీఫెన్ లాంగ్టన్‌ని పెట్టాడు. జాన్ ఒప్పుకోలేదు. పోప్ ఆజ్ఞతో 1208 నుంచి ఆరేళ్లు ఇంగ్లండు చర్చిల్లో ఆరాధనలు ఆగిపోయాయి. 1214లో ఫ్రాన్సు యుద్ధం పోయింది. 1215 జూన్‌లో బారన్లు, అంటే పెద్ద భూస్వాములు, తిరగబడి రన్నీమీడ్‌లో జాన్ చేత మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం మీద ముద్ర వేయించారు.

ఆ మాగ్నా కార్టాని ఒకసారి తీసి చూడండి. పన్నులు పిండిన పాత పద్ధతి మీద కోపంతో రాయించుకున్న పత్రమే అది. అందులో 24వ అంశంలో కరోనర్లు కనిపిస్తారు. 35వ అంశం దేశమంతా వైన్‌కీ బీరుకీ ధాన్యానికీ ఒకే కొలత ఉండాలంటుంది, బట్ట వెడల్పు అంచుల మధ్య రెండు మూరకోలలు ఉండాలంటుంది. 1196లో హ్యూబర్ట్ పెట్టిన కొలతే. రాజు మీద కత్తి దూసినవాళ్లు కూడా ఆ నియమాన్ని కొట్టెయ్యమనలేదు, అమలు చెయ్యమన్నారు.

ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.